నేల దగ్గరపడే ఆ కొన్ని క్షణాలు

ప్రశ్న: నాలుగు నెలలుగా చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి 26 గంటలు ఎగిరాను. 18వ గంట దగ్గర ల్యాండింగులు చక్కగా కుదరడంతో త్వరలోనే సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపుతామని ఇన్‌స్ట్రక్టర్ గారు అన్నారు. ఆ తరువాత అంతా తారుమారైంది. విమానం ఒకసారి నేలను తాకి ఎగిరిపడుతోంది, ఇంకోసారి దిగకుండా రన్‌వే సగం దాకా తేలుతూ పోతోంది. నాతో చేరిన మిత్రుడు 15 గంటలకే ఒంటరిగా ఎగిరాడు. ఈ విద్య నాకు అబ్బదేమోనని దిగులుగా ఉంది. మానుకోమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: మానుకోవద్దు. మీరు చెప్పిన ఈ వెనకడుగు నేను నేర్పిన వారిలో చాలామందికి ఎదురైంది. 18వ గంటలో మీ పక్కన కూర్చున్నవారు “ఇప్పుడు లాగండి”, “కాస్త ఆగండి” అంటూ చెబుతూనే ఉండి ఉంటారు. ఆ మాటలే మీ చేతిని నడిపించాయి. సోలో దగ్గరపడే కొద్దీ ఇన్‌స్ట్రక్టర్ కావాలనే మౌనం వహిస్తారు. అంతవరకు ఆయన చూపుతో దిగిన విమానాన్ని ఇప్పుడు మీ చూపుతో దించుతున్నారు కనుక, మీరు నేర్చినది పోయిందని కాదు, అసలు నేర్చుకోవడం ఇప్పుడే మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఆ రెండు తప్పుల సంగతి. విమానం తేలిపోతోందంటే లోపం దాదాపు ఎప్పుడూ రన్‌వే మీద కాదు, అంతకు ముందే, రన్‌వే వైపు దిగుతూ వచ్చే చివరి దశలో, అంటే అప్రోచ్‌లో, ఉంటుంది. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172నే తీసుకుంటే, దాని అప్రోచ్ వేగం సుమారు 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. మీరు 70 నాట్లతో వస్తే వేగం ఎనిమిది శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది గాని, గతిజ శక్తి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అది 16 శాతం దాకా పెరుగుతుంది. పైగా రెక్కల పొడవు కంటే, అంటే 11 మీటర్ల కంటే, తక్కువ ఎత్తుకు దిగాక నేల ప్రభావం వల్ల గాలి నిరోధం తగ్గిపోయి, ఆ మిగులు శక్తి త్వరగా ఖర్చు కాదు. అందుకే విమానం దిగనంటుంది. ల్యాండింగును బాగుచేయాలనుకునేవారు ముందుగా అప్రోచ్ వేగాన్ని ఒక్క నాటు తేడా లేకుండా పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఎగిరిపడడం మాత్రం చాలావరకు కళ్ల తప్పు. నేల దగ్గరపడగానే భయంతో చూపు విమానం ముక్కు ముందరి నేలకు అతుక్కుపోతుంది, అక్కడి నేల దూసుకొస్తున్నట్టు అనిపించి చేయి యోక్‌ను, అంటే విమానాన్ని నడిపే చేతి చక్రాన్ని, తొందరపడి లాగుతుంది. ఫ్లేర్, అంటే నేల తాకే ముందు ముక్కును మెల్లగా పైకెత్తడం, మొదలుపెట్టేటప్పుడు చూపును రన్‌వే అవతలి కొస వైపు జరపండి. అప్పుడు రన్‌వే అంచులు ఇరుపక్కలా పైకి లేస్తున్నట్టు కనిపించే తీరును బట్టి ఎత్తు ఎంత తగ్గుతోందో తెలుస్తుంది. ఒకవేళ ఎగిరిపడితే ముక్కును కిందికి నెట్టకండి. ముందు చక్రం మొదట తాకితే ఒక్కొక్క గెంతు ముందరి దానికంటే పెద్దదై, ఆ చక్రపు కాలు విరిగే ప్రమాదం ఉంది. గెంతు పెద్దదైతే పూర్తి పవర్ ఇచ్చి గో అరౌండ్ చేయండి. అలా తిరిగి పైకి లేవడాన్ని ఓటమిగా లెక్కించే శిష్యులను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే సరైన సమయంలో ఆ నిర్ణయం తీసుకోగలగడమే ఇన్‌స్ట్రక్టర్ మీలో చూడాలనుకునేది.

మిత్రుడి 15 గంటలతో పోల్చుకోకండి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు అంతర్జాతీయ ప్రమాణం మొత్తం 40 గంటలు, ఆమోదిత శిక్షణలో 35 అని చెబుతుంది, అందులో 10 గంటలు సోలో కావాలంటుంది. మొదటి సోలో ఎన్నో గంటకు జరగాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఒక్క మాట ముందే చెబుతాను: ఆ రోజు పక్క సీటు ఖాళీగా ఉంటుంది కనుక విమానం తేలికై, అనుకున్నదానికంటే వేగంగా పైకి లేస్తుంది, దిగేటప్పుడు మరికాస్త తేలుతుంది. దానికి కంగారుపడకండి.

ప్రశ్న: స్టాల్ అభ్యాసం అంటేనే నాకు వణుకు. ఇంజిన్ ఆగిపోతే ఎలా?
— మరొక పాఠకుడు

జవాబు: విమానంలో స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు. గాలి ప్రవాహానికి రెక్క చేసే కోణం హద్దు దాటినప్పుడు, చిన్న విమానాల్లో సుమారు 15 డిగ్రీల దగ్గర, పైభాగాన గాలి విడివడి ఎత్తే బలం పడిపోతుంది. ముక్కు దించి ఆ కోణాన్ని తగ్గిస్తే రెక్క మళ్లీ పనిచేస్తుంది, తరువాత పవర్ ఇవ్వాలి. తదుపరి పాఠంలో తగినంత ఎత్తుకు వెళ్లాక మొదటి స్టాల్‌ను ఇన్‌స్ట్రక్టర్‌నే చేసి చూపమని అడిగి, మీరు యోక్ మీద వేళ్లు ఆనించి ఉంచండి. హెచ్చరిక శబ్దం మోగకముందే యోక్ పట్టు సడలి, స్పందన మందగించడం మీ వేళ్లకు తెలుస్తుంది. రెండోసారి ఆ సడలింపు తెలిసిన వెంటనే మీరే ముక్కు దించండి.