ఎలుక మీసాలు ఎక్కడ తమ్ముడూ?

తమ్ముడూ,

కడుపులో బిడ్డ మెదడు, నరాల కణాల మధ్య సంకేతాలు మోసే సెరోటోనిన్ అనే రసాయనం గురించి నువ్వు పంపిన వ్యాసం రాత్రే చదివాను. భాష బాగుంది. చివరి పేరాకొచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. గర్భిణులు అరటిపండ్లు తిని సంతోషంగా ఉంటే సెరోటోనిన్ పెరిగి బిడ్డ మెదడు చురుగ్గా తయారవుతుందా? ఎవరు చెప్పారు నీకు? అరటిపండులో సెరోటోనిన్ ఉన్నమాట నిజమే, కానీ అది తిన్నవాళ్ళ మెదడుకే చేరదు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డు దాన్ని దాటనివ్వదు. రేపు బిడ్డకి మాటలు లేటైన ఏ తల్లో ఇది చదివి, కడుపుతో ఉన్నప్పుడు నేను ఏడ్చినందుకేనేమో అని కుమిలిపోతే?

ప్రయోగం చెప్పకుండా రాస్తే ఇలాగే సలహాలు పుట్టుకొస్తాయి. ఎలుక ముఖం మీద మీసాలు వరసల్లో ఉంటాయి కదా, మెదడు పైపొరలో ఒక్కో మీసానికి ఒక్కో కణాల గుంపు, అచ్చం అవే వరసల్లో ఉంటుంది, రంగు వేసిన ముక్కని మైక్రోస్కోపులో చూస్తే లెక్కపెట్టొచ్చు. సెరోటోనిన్‌ని విడగొట్టే ఎంజైమ్ లేని ఎలుకల్లో ఆ గుంపులే ఏర్పడలేదని 1996లో ఒలివియే కాజ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు చూపించారు. సెరోటోనిన్ తక్కువై కాదు, ఎక్కువై! పుట్టిన కొత్తలోనే దాని తయారీని ఆపే మందిస్తే గుంపులు మళ్ళీ వచ్చాయి. ఈ ఒక్క ఎలుకని చూపిస్తే నీ అరటిపండు పేరా దానంతటదే పడిపోయేది. 2011లో ఇంకోటి తేలింది, ఎలుక పిండం ముందుమెదడుకి తొలిరోజుల్లో సెరోటోనిన్ మాయ (ప్లాసెంటా) నుంచి వస్తుంది, తల్లి రక్తంలో ఉండే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్‌తో మాయే తయారుచేస్తుంది. ఇంత మంచి సంగతి వదిలేసి పండ్ల లిస్టు రాస్తావా?

నాకూ ఒక వారపత్రిక ఎడిటర్ ఇదే చేశాడు. లైబ్రరీలో కూర్చుని జర్నల్స్ చేత్తో ఎత్తి రాసుకుని పంపిన వ్యాసంలో ఎలుకల భాగమంతా కోసేసి, "ఎలుకలెవరిక్కావాలండీ, టిప్స్ ఇవ్వండి" అన్నాడు, నా పేరు కింద పండ్ల ఫొటో వేశాడు. ఆ డబ్బుల్తోనే ఇంటి అద్దె కట్టేవాణ్ణి, అయినా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ టిప్స్ గోలే.

కలం పేరు, ఏ పత్రికకి పంపాలి, ఇవన్నీ తర్వాత. డిప్రెషన్ మందుల గురించి రాసిన రెండు లైన్లు ముందు తీసెయ్, అవి చూసి ఏ గర్భిణి అయినా డాక్టర్ని అడక్కుండా మందు ఆపేస్తే ప్రాణం మీదకి రావచ్చు. ఎలుకతో మొదలుపెట్టి మొత్తం తిరగరాసి పంపు, నేను చదువుతాను.