కథ కాగానే నీతి చెప్పేయకు

అమలాపురం

చిట్టితల్లీ,

చెరువు ఎండిపోతుందని చేపల్ని నమ్మించి ఒక్కొక్కటే తినేసి, చివరికి పీత చేతిలో చచ్చే కొంగ కథ చెప్తే నీ రెండో తరగతి పిల్లాడొకడు "కొంగ కూడా తినాలి కదా టీచర్" అన్నాడనీ, అందరూ నవ్వితే నువ్వు "మోసం చేస్తే చెడిపోతారు" అని ముగించేశావనీ ఫోన్‌లో చెప్పావు. రేపు వాణ్ణి మళ్ళీ అడుగు. "నీకలా ఎందుకనిపించిందిరా?" అని అడిగి ఊరుకో.

మన పిల్లలు కొంగల్ని బొమ్మల్లో చూసినవాళ్ళు కాదు. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు కట్టేశాక, మడుగుల్లో మిగిలిన చేపల కోసం అవి బారులు తీరడం వాళ్ళకి తెలుసు. చెరువు ఎండిపోతుందంటే చేపలు ఎందుకు నమ్మాయో విడమర్చి చెప్పక్కర్లేదు. చేపల చెరువున్న ఇంటి పిల్లాడికి కొంగ దొంగే, వాళ్ళ నాన్న టపాకాయలు కాల్చి తోలుతాడు. వల మీద బతికే ఇంటి పిల్లాడికి చేప పడని రోజు ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. ఇద్దరూ ఒకే మాట చెప్పాలంటే ఎలా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ముంగిస కథ చెప్పాను. పాము నుంచి పసివాణ్ణి కాపాడిన ముంగిసని, మూతికి నెత్తురు చూసి తల్లి చంపేస్తుందే, అది. "తొందరపాటు కూడదు" అని బోర్డు మీద రాస్తుంటే వెనక వరసలో ఒక పిల్ల లేచి "ముంగిసని ఎక్కడ పూడ్చారండీ?" అంది. "అది కథలో లేదు, కూర్చో" అన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. ముంగిస కోసం బాధపడింది ఆ గదిలో తనొక్కతే, మిగతావాళ్ళం నీతి రాసుకుంటున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇంకో మాట. ఈ కథలున్న పంచతంత్రం విష్ణుశర్మ ముగ్గురు రాకుమారులకి రాజనీతి నేర్పడానికి చెప్పింది. అందులో మంచివాళ్ళే గెలవాలని లేదు. మొదటి భాగం మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ చిచ్చు పెడుతుంది. ఎద్దు చచ్చిపోతుంది, నక్క మంత్రిగా ఉండిపోతుంది. "నక్కకి శిక్ష లేదా?" అని పిల్లలు అడిగి తీరతారు. లేదనే చెప్పు, నువ్వు కల్పించకు. "ఇదన్యాయం" అని వాళ్ళే అంటారు, కోపంగా అంటారు. ఆ కోపాన్ని చల్లార్చకు.

సిలబస్ టెన్షన్ నాకు తెలుసు. వారానికి రెండు కథలు చెప్పేబదులు ఒకటే చెప్పు, మిగిలిన పీరియడ్ వాళ్ళని మాట్లాడనివ్వు.

కొంగ పిల్లాడు ఏమన్నాడో ఆదివారం వచ్చి చెప్పు. పనసపొట్టు కూర చేసి ఉంచుతాను.

నీ మేనత్త