తంగేడు రాలేలోపు బొమ్మ ఎట్లా?

ప్రశ్న: సార్, బతుకమ్మకు తెచ్చిన పూలలో కొన్ని ఇత్తడి చెంబులో పెట్టి వాటర్ కలర్స్‌తో బొమ్మ వేస్తున్నాను. గునుగు, బంతి కుదురుతున్నాయి. తంగేడు మాత్రం సగంలోనే వాడి రాలిపోతోంది. ఫోన్‌లో ఫొటో తీసి, చూసి వేస్తే తప్పా? పసుపులో నీడ కోసం నలుపు కలిపితే ఆకుపచ్చ తేలుతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, తంగేడునే ముందు వేయండి. చెంబు ఎక్కడికీ పోదు, గునుగు ఎండినా రూపు చెడదు. మా నల్లగొండలో నా దగ్గరికి వచ్చే పిల్లలు కూడా చెంబుతోనే మొదలుపెడతారు. పూల దాకా వచ్చేసరికి తంగేడు తల వాల్చేస్తుంది.

గుత్తిలోంచి ఒక్క పువ్వు తెంపి చేతిలో పెట్టుకోండి. ఐదు రెక్కలు, అంచులు ముడతలు ముడతలుగా, మీద సన్నని గోధుమరంగు ఈనెలు. కింద మూడు కేసరాలు మిగతా వాటికంటే పొడుగ్గా వంగి ఉంటాయి. ఆ వంపు పడితేనే అది తంగేడు, లేకపోతే ఏదో ఒక పసుపు పువ్వు. వేరే కాగితం మీద పక్క నుంచి, వెనక నుంచి కూడా వేసి పెట్టుకోండి. అసలు బొమ్మలోకి వాటిని చూసి ఎక్కించవచ్చు. పాత డచ్ చిత్రకారులు వసంతంలో పూసే ట్యులిప్‌నూ, ఎండాకాలపు గులాబీనీ ఒకే పూలకుండీలో చూపించింది అట్లాగే. వాళ్లలో యాన్ వాన్ హౌసుమ్‌దైతే మరీ పట్టుదల. పసుపు గులాబీ దొరకలేదు, అందుకే బొమ్మ పూర్తి కాలేదని 1742లో జాబు రాశాడు. ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఫొటో తప్పేమీ కాదు. ఏ పువ్వు ఎక్కడుందో గుర్తుకు పనికొస్తుంది. రంగుకు మాత్రం నమ్మకండి. ఎండలో తీస్తే పసుపంతా ఒకే ముద్దగా వస్తుంది, ఈనెలు కనిపించవు.

నీడకు నలుపు వద్దు. మొదటి పసుపు పూత బాగా ఆరనిచ్చి, ఎల్లో ఓకర్‌లో చుక్క ఊదా కలిపి పలచగా వేయండి. గునుగుకు తెల్లరంగు అక్కర్లేదు, కాగితాన్నే వదిలేయండి. కొసన ఉండే గులాబీ ఛాయకు చవక రంగు వాడకండి, వెలిసిపోతుంది. వాన్ గో 1890లో వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి, ఆయన వేసినప్పుడు అవి గులాబీ రంగువే. మీ రంగును ముక్క కాగితం మీద పూసి, సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో కొన్ని వారాలు ఉంచి చూడండి. రెండు సగాలకూ తేడా వస్తే ఆ ట్యూబ్ పక్కన పెట్టేయండి.