అమ్మడూ, తలలు లెక్కపెట్టుకో

ఒంగోలు,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడికి పెదనాన్న ప్రేమతో వ్రాయునది. ప్రభువు నామంలో వందనాలు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కరెంటు బిల్లు కట్టిన సంగతి చెప్పినంత తేలిగ్గా, "అన్నయ్యా, పిల్ల యెరూషలేము పోతోంది, ముప్పై ఆరు మందిని వెంటబెట్టుకుని" అన్నాడు. పోవడం వేరు, వెంటబెట్టుకుని పోవడం వేరు. మన ఇంట్లో ఆ పని నా తర్వాత నీకే వచ్చింది. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెడితే "విన్నానండీ, పడుకోండి" అంది. పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఒలీవల కొండ మీద దేశం కోసం ప్రార్థన కూడా నీకే అప్పజెప్పారట కదా. నా గుండె గుభేలుమన్నది అక్కడే. ఎందుకో కింద రాస్తాను.

ముందు మామూలు సంగతులు. పాస్‌పోర్టుకి ఆరు నెలల పైన గడువు ఉందో లేదో ఎవరి మాటా నమ్మకు, ఒక్కొక్కరిదీ నువ్వే తెరిచి చూడు. బీపీ, షుగర్ మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో. కొత్త బూట్లు వద్దు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక వెళ్ళాల్సిన జట్లు ఎన్నో ఆగిపోయాయి. అందుకని టికెట్లు కొనే ముందూ, మళ్ళీ బయల్దేరే ముందూ మన విదేశాంగ శాఖ ఏం చెబుతోందో చూడు. వద్దంటే మానుకో. విశ్వాసం అని మొండికెయ్యకు. దేవాలయ శిఖరం మీంచి దూకమన్నది సాతాను, ప్రభువు కాదు.

మృత సముద్రంలో వెల్లకిలా తేలడమే, బోర్లా పడుకోనివ్వకు. ఆ నీళ్ళలో ఉప్పు మన కొత్తపట్నం సముద్రానికి పదింతలు. గాయాలున్నవాళ్ళని గట్టు మీదే కూచోబెట్టు. బేత్లెహేము గుడి గుమ్మం నాలుగడుగులే, నడుం వంచితే గానీ లోపలికి పోలేం. మీ పెద్దమ్మని నీతో పంపుదామని ఒక్క క్షణం అనిపించింది. ఆ గుమ్మం గుర్తొచ్చి మానుకున్నాను. ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

యోర్దాను దగ్గర మాత్రం నా మాట విను. యెరికో దగ్గరి రేవుకి తీసుకెళ్తే, అక్కడ నది మన పంట కాలువంతే ఉంటుంది. అవతలి గట్టు జోర్డాను దేశం. మేం వెళ్ళినప్పుడు దారి పక్క కంచెకి మందుపాతరల హెచ్చరిక బోర్డులు ఉండేవి. ఎవర్నీ కంచె దాటనివ్వకు. ఇంకోటి, "యోర్దాన్లో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటాం" అని కనీసం పది మంది తయారవుతారు. తెల్ల అంగీలు అద్దెకిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. తీసుకునేవాళ్ళతో తగాదా పెట్టుకోకు గానీ నువ్వు మాత్రం దిగొద్దు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత వాళ్ళలో ఒకడని మా నాయనమ్మ చెప్పేది. ఆ నీళ్ళు మనకి చాలు.

ఇక అసలు సంగతి.

2012లో మా జట్టు నన్ను కలిపి నలభై రెండు మంది. చివరి నిమిషంలో పాస్టరు అయ్యగారికి ఒంట్లో బాగోక నన్ను పెద్దగా పెట్టారు. ముప్పై నాలుగేళ్ళు హాజరు పిలిచినవాణ్ణి, నలభై రెండు మంది నాకొక లెక్కా అనుకున్నాను. మూడు రోజులు బాగానే గడిచింది. నాలుగో రోజు ఒలీవల కొండ.

కొండ మీంచి కింద గెత్సేమనే తోటకి దిగే దారి బాగా వాలు. మట్టలాదివారం ఊరేగింపు ఆ దారినే వస్తుంది. మధ్యలో చిన్న గుడి ఉంది. కన్నీటి చుక్క ఆకారంలో 1955లో కట్టారు. బర్లూచ్చి అని ఇటలీ ఆయన దానికి నమూనా గీశాడు. ప్రభువు పట్టణాన్ని చూసి ఏడ్చాడని లూకా 19లో చదువుతామే, దాని గుర్తు. ప్రభువు బల్ల వెనక కిటికీలోంచి యెరూషలేమంతా కనబడుతుంది, బంగారు గుమ్మటంతో సహా. దేశం కోసం ప్రార్థన అక్కడ చెయ్యాలని మా కార్యక్రమం. గుడి బయట చెట్ల నీడన నిలబడ్డాం. గైడు తన మైకు నా చేతికిచ్చాడు. మైకు చేతికొస్తే మేష్టరు ఏమైపోతాడో నీకు తెలియంది కాదు.

కాశ్మీరు నుంచి మొదలుపెట్టాను. సరిహద్దులు, వర్షాలు, పార్లమెంటు, అవినీతి, నిరుద్యోగం, రైతులు. వాళ్ళ కళ్ళు తెరువుము, వీళ్ళ హృదయములు మార్చుము అని మామూలు భాష వదిలేసి గ్రాంథికంలోకి పోయాను. ఇరవై నిమిషాలు. "నూట ఇరవై ఒక్క కోట్ల ప్రజలను నీ చేతులకు అప్పగించుచున్నాము తండ్రీ" అని ముగిస్తే ఆమెన్ ఎంత గట్టిగా వచ్చిందంటే, పక్కన ఎవరో స్పెయిన్ జట్టువాళ్ళు తిరిగి చూశారు. ఆ ఊపులోనే ముందు నడిచాను. వెనక్కి చూడలేదు. గెత్సేమనే తోటలో ముసలి ఒలీవ చెట్లు ఎనిమిది ఉంటాయి, మొదళ్ళు మెలికలు తిరిగి బావి ఒరలంత లావు. వాటి దగ్గర నిలబెట్టి లెక్కపెట్టాను. నలభై ఒకటి. నన్ను లెక్కలో మరిచానేమో అనుకున్నాను. మరవలేదు.

లేనిది కొండపి వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. డెబ్బై దాటాయి. కొడుకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసి కూడబెట్టి పంపాడు. చేతిలో ఫోన్ లేదు. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. హోటలు పేరు కూడా తెలియదు. నేను చెప్పలేదు కదా.

రెండున్నర గంటలు, అమ్మడూ. మిగతావాళ్ళని గెత్సేమనే గుళ్ళో కూచోబెట్టి, నేనూ గైడూ ఆ వాలు పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగామో. గైడు యూదుడు, బస్సు డ్రైవరు అరబ్బు. డ్రైవరు తన వాళ్ళకి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నేను ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఇరవై నిమిషాల వాగ్ధాటి ఏమైపోయిందో. ఆవిడ కొడుకు మొహం ఒక్కటే కళ్ళ ముందు.

కొండ పైన అత్తూరని ముస్లింలుండే పేట. అక్కడ ఒక ఇంటి అరుగు మీద దొరికింది. చేతిలో పుదీనా టీ గ్లాసు. కాళ్ళకి ఎవరివో మగవాళ్ళ నల్ల రబ్బరు చెప్పులు, ఆవిడ పాదానికి రెండింతలున్నాయి. సంగతేమిటంటే, మన పల్లె గుళ్ళోలాగే ప్రార్థన ముందు చెప్పులు విడిచి గుమ్మం పక్కన పెట్టిందట. మా వెనకే కొంత దూరం ఒట్టికాళ్ళతో దిగింది. రాళ్ళు చురుక్కుమన్నాక గుర్తొచ్చి వెనక్కెళ్ళింది. చెప్పులు కనపడలేదు. బయటికొచ్చి కిందికి తిరగాల్సింది పైకి తిరిగింది. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే కనపడేది.

నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. "మేష్టరయ్యా, అంత పెద్ద ప్రార్థన చేస్తిరి గదా, నా చెప్పులు గూడా ఓ మాట అడగకపోయారా" అంది. భయపడ్డావా అమ్మా అంటే, "భయమెందుకు? మీరు దేశాన్ని చూసుకుంటన్నారు, నేను మా పల్లె ఇళ్ళు తలుచుకుంటా కూచున్నా. గుడి కాణ్ణించి మొదలుబెట్టి బోరింగు కాడికొచ్చా, ఇంతలో మీరొచ్చారు" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కూచుని అడిగితే ఇళ్ళన్నీ వరసగా చెప్పింది. తాగి పెళ్ళాన్ని కొట్టే వాడి ఇల్లు ఉంది. రెండేళ్ళు కూలి ఎగ్గొట్టిన ఆసామి ఇల్లు కూడా ఉంది. ఆయనకి కిడ్నీల జబ్బట.

నీకు ఇంకో ముక్క కూడా చెప్పాలి. తిరిగొచ్చాక సాక్ష్యం చెప్పమని ఐదు సంఘాలు పిలిచాయి. ఐదు చోట్లా ఒలీవల కొండ మీద దేశ క్షేమం కోసం ఎలా ప్రార్థించామో చెప్పాను. ఆవిడ తప్పిపోయిన సంగతి చెప్పలేదు. ఐదో చోటు ఆవిడ పల్లెనే. ముందు వరసలో చాప మీద కూచుని వింది. ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో మీ పెద్దమ్మ తర్వాత ఈ సంగతి చెప్పింది నీకే.

కాబట్టి బస్సెక్కే ముందు లెక్క, దిగాక లెక్క, ఆమెన్ అనగానే లెక్క. ఇద్దరిద్దర్ని జతకట్టు, పెద్దవాళ్ళకి వయసులో ఉన్నవాళ్ళు జత. హోటలు పేరు, నీ నంబరు హీబ్రూలోనూ అరబ్బీలోనూ రాయించి మెళ్ళో వేలాడదీయి. నామోషీ అంటారు, వినకు. చెప్పులు విప్పొద్దని మొదటి రోజే చెప్పు. నువ్వు అందరికంటే వెనక నడువు. ముందు నడవడానికి గైడు ఉన్నాడు.

ప్రార్థన సంగతి. నేను ఎక్కడ తప్పిపోయానో తర్వాత బైబిల్లో నెహెమ్యా గ్రంథం చదువుతుంటే తెలిసింది. ఆయన షూషను కోటలో కూచుని కూలిన గోడల కోసం ఏడుస్తూ "నేనును నా తండ్రి యింటివారును పాపము చేసియున్నాము" అంటాడు. నా ప్రార్థనలో అన్నీ "వాళ్ళు"లే. వాళ్ళ అవినీతి, వాళ్ళ కళ్ళు. మన సంఘంలో స్థలం గొడవ మీద కోర్టులో ఉన్న కేసు నాకు గుర్తే రాలేదు. మాల గుడి, మాదిగ గుడి అని మనం విడివిడిగా కూచోవడం గుర్తు రాలేదు. నువ్వు "మేము" అని మొదలుపెట్టు. చాలా భాగం అక్కడే అయిపోతుంది. నీకు నచ్చని నాయకుల పేర్లు కూడా పలుకు. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన పౌలు రోమా చక్రవర్తికి ఓటేసినవాడేం కాదు. ఐదు నిమిషాలు దాటొద్దు.

"యెరూషలేముయొక్క క్షేమముకొరకు ప్రార్థన చేయుడి" అనే కీర్తన ఎలాగూ చదువుతారు. చదివినప్పుడు మీ గైడు పిల్లల్నీ, మీ డ్రైవరు పిల్లల్నీ ఇద్దర్నీ అందులో కలుపు. ఒకళ్ళ జెండా పట్టుకుని ఇంకొకళ్ళని తిట్టే పాటలు బస్సులో పాడనివ్వకు. మా పెద్దావిడకి టీ ఇచ్చిన ఇల్లు ఎవరిదో నేను చెప్పాను కదా. ప్రభువు సమాధి ఉన్న గుడి తాళంచెవి కూడా తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గరే ఉంటుంది, తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం. లోపల క్రైస్తవ శాఖలు ఆరు, ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. పైన కిటికీ దగ్గర ఒక చెక్క నిచ్చెన ఉంటుంది చూడు, కదిపితే తగువొస్తుందని వందల ఏళ్ళుగా అలాగే వదిలేశారు. మన సంఘాల కమిటీ ఎన్నికలు చూసినవాణ్ణి గనక నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

మీ జట్టులో ప్రభుత్వ సాయంతో వచ్చేవాళ్ళుంటే వాళ్ళకి ఒక మాట గుర్తుచెయ్యి. 2019లో మన రాష్ట్రం ఆ సాయాన్ని మూడు లక్షల లోపు ఆదాయం వాళ్ళకి అరవై వేలు చేసింది. ఆ డబ్బులో తిరుపతి కొండెక్కేవాళ్ళ పన్నూ ఉంది, మసీదుకెళ్ళేవాళ్ళ పన్నూ ఉంది. వాళ్ళ క్షేమం అడక్కుండా తిరిగి రావడం నాకైతే బాకీ ఎగ్గొట్టినట్టే ఉంటుంది.

కర్మేలు కొండకి వెళ్తే కింద హైఫా ఊళ్ళో భారత సైనికుల శ్మశానం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూర్ గుర్రపు దళాలు ఆ ఊరు పట్టుకున్నాయి. హైదరాబాదు దళం కూడా అదే బ్రిగేడులో ఉంది. గైడు టైము లేదంటాడు. పది నిమిషాలు అడుగు. మేం అడగలేదు, ఆ పూట దుకాణంలో ఒలీవ చెక్క సిలువలు కొంటూ గంటన్నర గడిపాం.

ఇంకొక్కటి అడుగుతాను. బయల్దేరే ముందు ఒక తెల్లవారుజామున ఇక్కడికి రా, ప్రార్థన కొండెక్కుదాం. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారకముందే అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, కొద్దిమంది తెలుగు విశ్వాసులు అక్కడ మోకరించి ఈ నేల కోసం అడిగారు. అప్పుడు ఒంగోలులో వాళ్ళకి గుడీ లేదు, మైకూ లేదు. ఇంకో మిషనరీ క్లౌ దొర వచ్చింది ఆ తర్వాత పన్నెండేళ్ళకి. కరువు కాలంలో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని ఇచ్చాడు. కూటి కోసం వస్తారేమోనని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపాడు. మా ముత్తాత ఆ కాలువ తవ్వాడో లేదో అడిగి తెలుసుకోవాలన్న బుద్ధి నాకు నాయనమ్మ పోయాక పుట్టింది. ఆ కొండ మీంచి ఇప్పుడు ఊళ్ళో ఇళ్ళన్నీ కనబడతాయి. వరసగా చూసుకుంటూ రావచ్చు.

ఈ ఉత్తరంతో పాటు ఒక సంచీ పంపుతున్నాను. అందులో నా హాజరు పుస్తకం ఉంది, 2012 నాటిది. మొదటి రెండు పేజీల్లో మా నలభై రెండు పేర్లు, మిగతావన్నీ ఖాళీ, నీవి రాసుకో. నా డ్రిల్లు ఈల కూడా పెట్టాను. ఇన్నేళ్ళకి మోగుతుందో లేదోనని ఇప్పుడే ఊది చూశాను. మీ పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఇట్లు,
మీ పెదనాన్న