ముంబై నాటకాలకి వెళ్తున్న మా చిన్నికి

చిన్నీ,

ముంబై వెళ్తున్నావనీ, వారమంతా నాటకాలు చూస్తావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాటకం కోసం రైలెక్కే పిల్ల మన ఇంట్లో పుట్టిందని ఎంత పొంగిపోయానో! మరుక్షణమే అక్కడి లోకల్ రైళ్లు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో. సోమవారం పృథ్వీ థియేటర్‌కి సెలవు, ఆ రోజు పెట్టుకోకు.

జుహూలోని పృథ్వీ థియేటర్ చిన్నది, ఓ 200 మంది పడతారు. నటుడు పృథ్వీరాజ్ కపూర్ జ్ఞాపకంగా ఆయన కొడుకు శశికపూర్, కోడలు జెన్నిఫర్ 1978లో తెరిచారు. స్టేజీకి మూడు వైపులా మనమే కూర్చుంటాం, నటుల ఊపిరి కూడా వినిపిస్తుంది. సీట్లకి నంబర్లుండవు, క్యూలో ముందున్నవాళ్లకే మంచి చోటు. ఆట మొదలయ్యే ముందు కొట్టే మూడో బెల్లు అయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. అదే సరైన పద్ధతి కూడా.

నేనక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు మీ నాన్న వచ్చాడు. రాత్రి తొమ్మిదింటి ఆట. నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి క్యూలో నిలబడ్డాను. వాడేమో ఫోర్ట్ ఏరియాలో ఇరానీ హోటల్ చూసి, కీమా పావ్ తిని, తీరిగ్గా చాయ్ తాగి, ఎనిమిదింటికి చర్చ్‌గేట్‌లో ఎదురుగా కనబడ్డ విరార్ ఫాస్ట్ ఎక్కేశాడు. ఫాస్ట్ బండి అన్ని స్టేషన్లలో ఆగదు, జుహూకి దిగాల్సిన విలే పార్లేలో కూడా ఆగదు. పోనీ అంధేరీలో దిగుదామంటే జనం తలుపు దాకా రానివ్వలేదట. బోరివలి దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

అప్పుడు సెల్‌ఫోన్లు లేవమ్మా. మూడో బెల్లు కొట్టారు, తలుపు మూశారు. నేను రెండు టికెట్లతో గేటు దగ్గరే ఉండిపోయాను. రైలు తలుపులకి వేలాడే మనుషులే కళ్లముందు. తొమ్మిదిన్నరకి చొక్కా గుండీలు తెగిపోయి వచ్చాడు. చెడామడా తిట్టాను. తర్వాత జుహూ బీచికి తీసుకెళ్లి పావ్‌భాజీ తినిపించాను. "అక్కా, నాటకం పోయిందే" అని వాడు మొహం వేలాడేస్తే నాకే ఏడుపొచ్చింది.

అందుకే చెప్తున్నా, ముందు నాటకం, తర్వాతే భోజనం. స్లో బండే ఎక్కు, లేడీస్ డబ్బాలోనే ఎక్కు. తలుపు దగ్గర నిలబడ్డావని తెలిసిందో, ఊరుకోను! గంట ముందే చేరుకుని పృథ్వీ కెఫేలో సులేమానీ చాయ్ తాగు. బీచి నడిచి వెళ్లేంత దూరమే, ఆట అయ్యాక అక్కడ తినొచ్చు. ఇరానీ బన్ మస్కా పొద్దున్నే బాగుంటుంది, దానికోసం సాయంత్రం పాడుచేసుకోకు.

ఒక రోజు దాదర్‌లో మరాఠీ నాటకాలు ఆడే శివాజీ మందిర్ హాలుకి వెళ్లు. మరాఠీ రాదని జంకకు. పక్కవాళ్లు ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారో చూస్తుంటే కథ అదే అందుతుంది. విరామంలో బటాటా వడ తప్పకుండా తిను, మరాఠీ నాటకానికి అదొక భాగం.

రోజూ రూముకి చేరగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. నేను మెలకువగానే ఉంటాను.

మీ అత్త