సేవ్ కొడితే రెండు నిమిషాలా? కంప్యూటర్ని తిట్టకండి, ఫైలు కడుపులో ఏముందో చూడండి

ఎనిమిది థ్రెడ్ల (ఒకేసారి ఎనిమిది పనులు నడపగల) ప్రాసెసర్ ఉంది, ర్యామ్‌కి కొదవ లేదు, అయినా ఆటోక్యాడ్‌లో (బిల్డింగ్ డ్రాయింగ్‌ల్లాంటివి గీసే సాఫ్ట్‌వేర్) సేవ్ కొడితే రెండు నిమిషాలు స్క్రీన్ బిగుసుకుపోతోంది, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మాత్రం 13 శాతం దాటట్లేదు, కొత్త కంప్యూటర్ కొనాలా అని అడిగారు. కొనకండి. నేను ఒకసారి ఇలాగే కొత్తది తెప్పించుకుని మరీ నవ్వులపాలయ్యాను.

13 శాతమే కదా, మిగతాదంతా ఖాళీయే కదా అనుకుంటాం. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అంటే ఒక్కడు తలమునకలుగా పనిచేస్తుంటే మిగతా ఏడుగురూ చేతులు కట్టుకుని చూస్తున్నారన్నమాట. ఆటోక్యాడ్ 1982లో పుట్టిన సాఫ్ట్‌వేర్, ఇప్పటికీ దాని పని చాలావరకు ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది, కాబట్టి థ్రెడ్లు పదహారు చేసినా అదే రెండు నిమిషాలు, శాతం మాత్రం సగానికి తగ్గి కనబడుతుంది, అంతే తేడా.

నా సంగతి చెప్తాను. ఒక బిల్డింగ్‌కి డక్ట్ (ఏసీ గాలి గొట్టాల) లేఔట్ చేస్తున్నాం. ఒకే ఒక్క ఫ్లోర్ ప్లాన్, ఫైలు చూస్తే 61 ఎంబీ. మొదట్లో సేవ్ కాస్త నెమ్మదిగా ఉందనుకున్నాం, పోను పోను నాలుగు నిమిషాలకి చేరింది. మర్నాడు పొద్దున సబ్మిషన్. నేను కంట్రోల్ ఎస్ కొట్టి లేచి, కాసేపు తిరిగొచ్చి కూర్చునే అలవాటుకి వచ్చేశాను. ఐటీ అబ్బాయిని పిలిస్తే రీస్టార్ట్ చేశారా సార్ అన్నాడు. చేశాను బాబూ, పొద్దున్నుంచి అదే పని. ర్యామ్ సరిపోవట్లేదన్నాడు, వేశారు. తర్వాత మెషీనే మార్చారు. కొత్త మెషీన్‌లో అదే ఫైలు, అవే నాలుగు నిమిషాలు. దానికి అతనన్న మాట: "సాఫ్ట్‌వేరే అంత సార్."

అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, ఫైలుని సర్వర్ నుంచి డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకుని అక్కడ సేవ్ కొట్టి చూడడం. మీరూ ముందు ఇదే చేయండి. లోకల్ డిస్క్ మీద టకటకా సేవ్ అయితే నెట్‌వర్కో, యాంటీవైరసో, క్లౌడ్ సింక్ ఫోల్డరో చూసుకోవాలి. ఆటోక్యాడ్ సేవ్ చేసేటప్పుడు ముందు ఒక టెంపరరీ ఫైలు రాసి తర్వాత దాని పేరు మారుస్తుంది, మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని కూర్చుంటే ఆలస్యం అక్కడే. డిఫాల్ట్ ప్రింటర్ ఎప్పుడో తీసేసిన నెట్‌వర్క్ ప్రింటర్ అయినా ఇంతే. కానీ వీటన్నిట్లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది, ఎదురుచూడడానికి బలం అక్కర్లేదు కదా. మీకులాగా ఒక థ్రెడ్ నిండుగా తిరుగుతోందంటే అది నిజంగానే ఏదో నములుతోంది. మాకూ డెస్క్‌టాప్ మీద అవే నాలుగు నిమిషాలు పట్టింది, థ్రెడ్ నిండుగా.

పర్జ్ (వాడనివి ఏరిపారేసే కమాండ్) చేశాను, ఆడిట్ (ఫైల్లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) చేశాను, 61 కాస్తా 58 అయింది. పక్క టీమ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, నా భుజం మీదుగా చూసి "స్కేల్ లిస్ట్ తెరువు" అన్నారు. తెరిచాను. ఆ డ్రాయింగ్‌లోని స్కేళ్ల జాబితా అది, తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. 1:100 కింద 1:100 ఎక్స్‌రెఫ్ (ఎక్స్‌రెఫ్ అంటే మన డ్రాయింగ్‌కి జతచేసిన బయటి డ్రాయింగ్), దాని కింద 1:100 ఎక్స్‌రెఫ్ ఎక్స్‌రెఫ్, దాని కింద మూడు ఎక్స్‌రెఫ్‌లు తోకలా తగిలించుకున్నది, అలా స్క్రోల్ చేస్తూనే ఉన్నాను, బార్ కిందకి కదలట్లేదు. రీసెట్ కొట్టాను. "ఇప్పుడు పర్జ్ ముందు మైనస్ గుర్తు పెట్టి కొట్టు, డైలాగ్ డబ్బా రాదు, కింద కమాండ్ లైన్‌లో అడుగుతుంది, రెగ్‌యాప్స్‌కి, అంటే ఫైలుని తాకిన ప్రోగ్రామ్‌లు రాసిపెట్టుకున్న పేర్లకి, ఆర్, అన్నీ అనడానికి నక్షత్రం, ఒక్కోటీ అడగొద్దని ఎన్" అన్నారు. కొట్టి ఎఫ్2 నొక్కితే టెక్స్ట్ విండోలో పేర్లు వరద. మేం జన్మలో వాడని ప్రోగ్రామ్‌ల పేర్లు, ఒక్కోటీ డిలీట్ అవుతూ. ఏదో యాడ్‌ఆన్ ఎప్పుడో ఆ డ్రాయింగ్‌ని తాకి తన పేరు రాసిపెట్టుకుంది, అది పోయినా పేరు పోలేదు, అలా ఎంతమంది చేతుల్లోంచి వచ్చిందో. మామూలు పర్జ్ డబ్బాలో ఇవి కనబడవు, అందుకే నేను చేసిన పర్జ్ వృథా. మళ్లీ ఒకసారి పర్జ్, ఆడిట్, సేవ్. 3 ఎంబీ. నాలుగు సెకన్లు. నమ్మకం కుదరక ఊరికే ఇంకో రెండుసార్లు కంట్రోల్ ఎస్ కొట్టాను.

ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందంటారా? కాపీ పేస్ట్. బయటి కన్సల్టెంట్ ఇచ్చిన ఫైల్లోంచి ఒక తలుపు బ్లాకు (రెడీమేడ్ బొమ్మ) కావాలని మావాడు ఎత్తి పేస్ట్ చేశాడు, తలుపుతో పాటు వాళ్లింటి చెత్తంతా వచ్చింది. ఆ ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి, అక్కడినుంచి టెంప్లేట్‌లోకి. టెంప్లేట్‌లోకి ఎక్కిందంటే ఇక ప్రతి కొత్త ఫైలూ పుట్టుకతోనే జబ్బుతో పుడుతుంది. నన్నడిగితే సేవ్ స్లో అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, హార్డ్‌వేర్ అనేవాళ్లకి అమ్మే ఉద్దేశమైనా ఉండాలి, టాస్క్ మేనేజర్ చదవడమైనా రాకపోవాలి.

ఇంకో రెండు సలహాలు మీకు ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి. ఒకటి, ఐసేవ్‌పర్సెంట్ అనే సెట్టింగ్‌ని సున్నా చేయమంటారు. అది మామూలుగా 50 ఉంటుంది, అంటే మారిన ముక్క మాత్రమే ఫైలుకి తగిలిస్తూ పోయి, వృథా చోటు సగం దాటితే అప్పుడు మొత్తం తిరగరాస్తుంది. సున్నా చేస్తే ప్రతిసారీ మొత్తం తిరగరాతే. ఫైలు సైజు తగ్గుతుందేమో గానీ స్లో అని ఏడుస్తున్నవాడికి ఇది మందా? రెండోది ఇంకా ఘోరం, ఆటోసేవ్ ఆపేయమనడం. పది నిమిషాలకోసారి బిగుసుకుపోతోంది నిజమే, కానీ అది ఆపేశాక మధ్యాహ్నం పనంతా క్రాష్‌లో పోగొట్టుకుని కంట్లో నీళ్లు పెట్టుకున్న జూనియర్‌ని నేను చూశాను. ఆపమని సలహా ఇచ్చినాయన ఆరోజు సీట్లో లేడు.

సేవ్ లేనప్పుడు కూడా మౌస్ కదిపితే చాలు ప్రాసెసర్ పైకి లేస్తోందంటే అది వేరే కథ, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ అయి ఉందేమో చూడండి, ఆఫ్‌లో ఉంటే గ్రాఫిక్స్ కార్డు పని కూడా ప్రాసెసరే మోస్తుంది.

ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని మొదలెట్టండి. ఎక్స్‌రెఫ్‌లు ఉంటే వాటినీ ఒక్కొక్కటి తెరిచి ఇదే చేయాలి, ఒక్క మెయిన్ ఫైలు కడిగితే చాలదు, స్కేళ్లు మళ్లీ వాటిలోంచే పాకుతాయి. మాకు ఆ సబ్మిషన్ అయిన వారానికే అదే కన్సల్టెంట్ నుంచి రివైజ్డ్ డ్రాయింగ్ వచ్చింది. నేను చూసేలోపే మావాడు దాంట్లోంచి రెండు తలుపులు పేస్ట్ చేసేశాడు.