కళింగ మీద నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన నవల మొత్తం చదివాను, వచనం బావుంది, యుద్ధం చాప్టర్లైతే ఆపకుండా చదివించాయి, కానీ చివరికొచ్చేసరికి ఒకటి గొంతులో అడ్డుపడింది. అశోకుడు ఏడ్చాడు, ధర్మం పట్టాడు, నువ్వు కూడా అతన్ని క్షమించేసి కథ ముగించేశావు. అసలు క్షమించే హక్కు మనకెక్కడిది? తప్పుపట్టాలని కాదు, ఇలాంటి సబ్జెక్ట్ ఎత్తుకున్న చాలామంది ఇక్కడే జారతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అశోకుడి 13వ శిలాశాసనం ఇంకోసారి తీసి నిదానంగా చదువు. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి కళింగని గెలిచాను, లక్షన్నర మందిని అక్కణ్ణించి తరలించారు, లక్షమందిని చంపారు, అంతకి ఎన్నోరెట్లు మంది చచ్చిపోయారు అని రాజే చెక్కించాడు. గెలిచినవాడు తన వల్ల పోయిన ప్రాణాల లెక్క తనే చెప్పుకోడం చాలా అరుదు, దానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అదే శాసనంలో నీ నవల్లోకి రానిది ఒకటుంది, పశ్చాత్తాపపడుతున్నా సరే దండించే బలం నాకుంది అని అడవిజనానికి చేసిన హెచ్చరిక. ఆ లక్షన్నర మందిని వెనక్కి పంపానన్న మాట కూడా అందులో ఎక్కడా లేదు.

ఇంకా ముఖ్యమైంది చెప్తా. ఈ శాసనం మన ఎర్రగుడిలో ఉంది, ఎక్కడో షాబాజ్‌గఢీలో ఉంది, కళింగలో మాత్రం లేదు! కళింగలోని ధౌళిలో, జౌగడలో 11, 12, 13 శాసనాలు వదిలేసి వాటి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించారు. మనుషులందరూ నా బిడ్డలే అంటాడు అందులో, కారణం లేకుండా ఎవర్నీ చెరలో పెట్టొద్దని అక్కడి తోసలి నగరం అధికారులకి చెప్తాడు, మంచి మాటలే, కాదనను, కానీ మీవాళ్ళని ఇంతమందిని చంపించాను అన్న మాట ఎవరికి చెప్పాలో వాళ్ళ నేల మీదే లేదు. పాత గాయం రేపడం ఎందుకనుకున్నారేమో అని చరిత్రకారులు ఊహిస్తారు. కారణం ఏదైనా, నీ నవల అసలు అక్కడ మొదలవ్వాలి అనిపించింది నాకు.

దీని పక్కన 1970 డిసెంబర్ 7ని పెట్టి చూడు. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సాలో, నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేట (ఘెట్టో)లో జరిగిన తిరుగుబాటు స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం రిబ్బన్లు సర్ది, రెండడుగులు వెనక్కేసి, తడిసిన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆయన నాజీ కాదు, 1933లోనే హిట్లర్ని ఎదిరించి నార్వేకి పారిపోయినవాడు. తను చెయ్యని పనికి, జరిగినచోటికే వెళ్ళి తలొంచాడు. అప్పుడు సర్వే చేస్తే పశ్చిమ జర్మన్లలో 48 శాతం మంది ఇది అతి అన్నారు, సరైనదే అన్నవాళ్ళు 41 శాతం. తాతలు చేసిన నేరం మనవల నెత్తిన రుద్దడం అన్యాయం, నేను ఎప్పటికీ ఒప్పుకోను, కానీ ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత మాత్రం మనవలకి వస్తుంది. నేరం వేరు, ఈ బాధ్యత వేరు, రెండూ కలిపేస్తే నీ రాతలో ద్వేషమైనా వస్తుంది, మతిమరుపైనా వస్తుంది.

మతం దగ్గర కూడా తొందరపడ్డావు. ధర్మం పట్టగానే మనిషి బాగుపడిపోయినట్టు రాశావు. 1994లో రువాండా ఊచకోతలో టుట్సీ తెగవాళ్ళు ప్రాణాలు దక్కుతాయని చర్చిల్లోకి పరిగెత్తారు, న్యమాటా అనే ఊళ్ళో ఆ చర్చిలోనే వాళ్ళని చంపేశారు, చంపినవాళ్ళలో చాలామందిదీ అదే మతం. మరి ఫ్రాన్స్‌లో ల శాంబోన్ అనే ఊళ్ళో ప్రొటెస్టెంట్లు, పాస్టర్ ఆంద్రే త్రోక్మే మాట మీద, రెండో ప్రపంచయుద్ధంలో యూదుల్ని ఇళ్ళల్లో దాచి కాపాడారు. తమ పూర్వీకుల్ని మతం పేరుతో వేటాడిన జ్ఞాపకం ఆ ఊరికి ఉంది, ఇంకోచోటైతే అలాంటి జ్ఞాపకమే పగగా మారేది, వీళ్ళ దగ్గర తలుపు తీయించింది. ఎందుకలా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, నువ్వు కూడా దాని మీద చాలా రోజులు ఆలోచించు.

ఇక నీ డ్రాఫ్ట్ సంగతి. ఆరో చాప్టర్లో తరలిపోతున్న గుంపులో ఒక ముసలావిడ కనిపించి రెండు పేజీల్లోనే మాయమైపోయింది, ఆవిణ్ణి వెనక్కి తీసుకురా. ఆ జనాన్ని ఎక్కడికి తోలుకెళ్ళారో శాసనం చెప్పదు కాబట్టి అదంతా నీ కల్పనే అవుతుంది, కల్పనని ముందుమాటలో చెప్పెయ్. ఆవిడ నోట ఉపన్యాసాలు మాత్రం పెట్టకు. అశోకుడు ఏడ్చే సీను తీసెయ్యమనట్లేదు, ఉంచు, కాకపోతే ఆ కబురు ఆవిడదాకా వెళ్ళిందా లేదా, వెళితే ఏమంది, అది రాయి. రాశాక మళ్ళీ పంపు, చదువుతా.

మీ అన్నయ్య